గదికో నాబ్ కోసం వందేళ్ళు

మన ఇళ్ళల్లో ఫ్యాన్ల సంగతి ఎప్పుడన్నా ఆలోచించారా? హాల్లో ఫ్యాను ఐదు మీద గిర్రున తిరుగుతుంటుంది. పక్కగదిలో తాతగారు ఒకటి మీద పెట్టుకుని, దుప్పటి కప్పుకుని పడుకుంటారు. ఏ గది రెగ్యులేటరు ఆ గదిదే. ఏసీలొచ్చాక కూడా అంతే, పడగ్గదిలో ఒకటి పెట్టించుకుని, కరెంటు బిల్లు గుర్తొచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ఆ గదిలోకే చేరతారు. ఇందులో ఓ విశేషం ఉందని మనకి తోచనే తోచదు. కానీ చలిదేశాల్లో ఈ పాటి సౌకర్యం, అంటే ఏ గది వేడి ఆ గదిలో ఉన్నవాళ్ళే తగ్గించుకోవడం పెంచుకోవడం, మామూలు జనానికి అందడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. టెక్నాలజీ లేక కాదు. అది 1880ల్లోనే ఉంది. మరెందుకు పట్టిందీ అంటే, నా ఉద్దేశంలో కారణం ఒక్కటే. నాబ్ తిప్పేది ఒకరు, బొగ్గుకి డబ్బులు కట్టేది ఇంకొకరు.

అసలీ సరంజామా ఎలా ఉంటుందో చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంటికో, మొత్తం బిల్డింగుకో కలిపి ఒక బాయిలర్ ఉంటుంది. అందులో నీళ్ళు కాగుతాయి (పాత పద్ధతిలో అయితే ఆవిరవుతాయి). ఆ వేడినీళ్ళు గొట్టాల్లోంచి గది గదికీ వెళ్ళి, కిటికీ కింద గోడకి ఆనించి పెట్టిన ఇనుప రేడియేటర్లో ఓ చుట్టు తిరిగి, చల్లారి, మళ్ళీ బాయిలర్‌కి వచ్చేస్తాయి. దీన్నే సెంట్రల్ హీటింగ్ అంటారు. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. మంట ఒక్కచోటే ఉంటుంది, చలి మాత్రం గది గదికీ మారుతుంది. ఎండ పడే దక్షిణం గది, ఎండ మొహమే చూడని ఉత్తరం గది, పొయ్యి వెలిగే వంటగది, ఏడాదికోసారి చుట్టాలొస్తే తప్ప తలుపు తియ్యని గది.. అన్నిటికీ అవే నీళ్ళు.

తమాషా ఏమిటంటే, అంతకుముందు ఈ చిక్కు లేదు. యూరప్ ఇళ్ళల్లో గదిలోనే, గోడలో కట్టిన నిప్పుగూడు ఉండేది. మన కుంపటి లాంటిదే అనుకోండి, కాకపోతే కదలని కుంపటి. కావలసిన గదిలో బొగ్గు వేసుకుంటారు, అక్కర్లేని గది చల్లగా పడుంటుంది. పొగా మసీ చాకిరీ ఎక్కువ, పైగా వేడిలో చాలాభాగం పొగగొట్టంలోంచి ఆకాశానికే సమర్పయామి. అందుకని పెద్ద భవనాలు కట్టేవాళ్ళు మంటని మెల్లగా నేలమాళిగలోకి నెట్టేశారు. జేమ్స్ వాట్ 1784లోనే తన గదిని ఆవిరితో వెచ్చబెట్టుకున్నాడు. 1850ల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రాంజ్ సాన్ గల్లి అనే వ్యాపారి పోత ఇనుముతో రేడియేటర్ తయారుచేశాడు. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి అమెరికాలో పెద్ద స్కూళ్ళకీ హోటళ్ళకీ కింద ఒక బాయిలరో ఫర్నేసో, దాన్ని చూసుకోడానికి ఒక మనిషీ ఏర్పడ్డారు. ఆ మనిషి చేతికి నాబ్ వెళ్ళిపోయింది.

ఇక్కడే మన కథానాయకుడు ప్రవేశిస్తాడు. వారెన్ జాన్సన్ అని, విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊళ్ళో, టీచర్లని తయారుచేసే కాలేజీలో ప్రొఫెసరు. ఆయన పాఠం చెప్తూండగా జానిటర్ తలుపు తోసుకుని లోపలికొచ్చి, గోడ మీదున్న థర్మామీటర్ చూసి, మళ్ళీ మెట్లు దిగి వెళ్ళి కింద డాంపర్లు సర్దేవాడు. ఇలా గది గదికీ. పాఠానికి పాఠం చెడేది, ఈలోపు గది చల్లబడనన్నా చల్లబడేది, ఉడికిపోనన్నా పోయేది. జాన్సన్ 1883లో ఒక పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. గదిలో వేడి హద్దు దాటితే కింద గంట మోగుతుంది, జానిటర్ పైకి రాకుండానే సర్దుకోవచ్చు. గమనించారా? ప్రొఫెసర్‌గారి చేతికి ఇంకా నాబ్ రాలేదు. ఆయన గదికి దక్కింది గంట కొట్టే హక్కు మాత్రమే. ప్రొడక్షన్ సర్వర్ మీద మనకి యాక్సెస్ ఇవ్వరు, టికెట్ మాత్రం వేసుకోమంటారు చూడండి, అలా అన్నమాట.

జాన్సన్ అక్కడితో ఆగలేదు. 1885లో మిల్వాకీలో కంపెనీ పెట్టాడు (ఇప్పటి జాన్సన్ కంట్రోల్స్ మూలం అదే). 1895లో, ఒకే భవనంలో ఏ గదికి కావలసిన వేడి ఆ గదికి దానంతటదే సర్దుకునే పద్ధతికి పేటెంట్ వచ్చింది. సన్నటి గొట్టాల్లో గాలిని ఒత్తిడితో నింపి ఉంచుతారు. గదిలోని థర్మోస్టాట్ ఆ గాలిని వదలడమో ఆపడమో చేస్తే, దాన్నిబట్టి వాల్వు తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది. ఇవాళ "జోనింగ్" అని గొప్పగా చెప్పుకుంటున్నదంతా అక్కడే ఉంది. అన్నట్టు ఈయన టవర్ గడియారాలు కూడా చేశాడు. ఫిలడెల్ఫియా సిటీ హాలు మీద కనిపించే పెద్ద గడియారం ఈయన పనే. ఒక కుర్చీలో కుదురుగా కూర్చునే రకం కాదు!

మరి అది ఇళ్ళకి ఎందుకు రాలేదు? ప్రతి గదికీ గొట్టాలూ, కంప్రెసరూ అంటే కాలేజీకో కోర్టుకో చెల్లుతుంది గానీ మామూలు గృహస్థుకి తలకి మించిన ఖర్చు. ఇళ్ళకి దారి చూపించింది ఆల్బర్ట్ బట్జ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి మినియాపొలిస్ చేరినవాడు. 1885లో ఈయన చేసింది చాలా సులువైన ఏర్పాటు. గది చల్లబడితే థర్మోస్టాట్‌లో కరెంటు కలుస్తుంది, చిన్న మోటారు తిరిగి గొలుసు లాగుతుంది, కింద ఫర్నేసుకి గాలి వెళ్ళే మూత తెరుచుకుంటుంది, మంట రాజుకుంటుంది. గది వెచ్చబడితే మూత పడిపోతుంది. ఇంటి మొత్తానికి ఒక్కటే థర్మోస్టాట్, ఏదో ఒక గది గోడ మీద. బట్జ్ పేటెంట్లు చేతులు మారి మారి చివరికి హనీవెల్ కంపెనీ అయింది. ఆ గుండ్రటి థర్మోస్టాట్, 1953లో హెన్రీ డ్రైఫస్ డిజైన్ చేసినది, అమెరికా ఇళ్ళ గోడల మీద బొట్టుబిళ్ళలా స్థిరపడిపోయింది. అలా రెండు దారులు చీలాయి. డబ్బున్న సంస్థలకి గదికో నాబ్. ఇళ్ళకి ఇంటికో నాబ్, ఆ థర్మోస్టాట్ ఉన్న గదిలో చలే మిగతా గదులన్నిటి చలి.

అద్దె కొంపల సంగతి ఇంకా ఘోరం. న్యూయార్క్ పాత అపార్ట్‌మెంట్లలో ఒంటి గొట్టం ఆవిరి పద్ధతి ఎక్కువ. ఆవిరి పైకి వెళ్ళేదీ, చల్లారి నీరై కిందికి జారేదీ ఒకటే గొట్టం. రేడియేటర్‌కి వాల్వు ఉంటుంది, కానీ దాన్ని పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం తిప్పితే లోపల నీళ్ళు ఇరుక్కుని ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టంగు టంగుమని మోత. అంటే నాబ్ ఉంది, పనికిరాదు. పైగా నగరం రూలు ప్రకారం చలికాలంలో పగటిపూట బయట 13 డిగ్రీల కంటే తగ్గితే, లోపల కనీసం 20 డిగ్రీలుండేలా చూసే బాధ్యత ఇంటి ఓనరుది (నేను సెల్సియస్‌లోకి మార్చి చెప్తున్నాను). మరి ఓనరేం చేస్తాడు? అన్నిటికంటే చల్లగా ఉండే మూల ఫ్లాట్ 20కి చేరేదాకా బాయిలర్ మండిస్తాడు. ఈలోపు మిగతా ఫ్లాట్లు కాలిపోతుంటాయి. అద్దెకున్నవాళ్ళు జనవరి మంచులో కిటికీ బార్లా తెరిచి బనీన్ల మీద కూర్చుంటారు. న్యూజెర్సీ వైపు పాత బిల్డింగుల్లో కాపురం పెట్టిన మనవాళ్ళెవరినన్నా అడగండి, కథలు కథలుగా చెప్తారు. కిటికీ తెరిచినవాడిని తప్పు పట్టలేం. వాడికి ఇచ్చిన నాబ్ అదొక్కటే.

ఈ ముడి విప్పిన వస్తువు డెన్మార్క్ నుంచి వచ్చింది. ఆల్స్ దీవిలో, అమ్మానాన్నల పొలం ఇంటి అటక మీద మాడ్స్ క్లౌసెన్ అనే ఇంజనీరు 1933లో పని మొదలుపెట్టాడు. మొదట చేసినవి రిఫ్రిజిరేషన్ వాల్వులు. ఆ కంపెనీయే తర్వాత డాన్‌ఫోస్ అయింది. 1943లో, దేశం జర్మన్ల ఆక్రమణలో ఉండగా, ఆయన రేడియేటర్‌కి తగిలించే థర్మోస్టాట్ తయారుచేశాడు. చల్లదనం కోసం నేర్చుకున్న విద్యే వెచ్చదనానికి తిప్పి వాడాడన్నమాట. దీనికి కరెంటక్కర్లేదు, గంటక్కర్లేదు, గాలి గొట్టాలక్కర్లేదు. రేడియేటర్ పక్కన పిడికిలంత తల ఉంటుంది. లోపల మైనమో, ద్రవమో, వాయువో నింపిన చిన్న డబ్బీ. గది వేడెక్కితే అది ఉబ్బి సన్నటి పిన్నుని నొక్కుతుంది, వాల్వు మెల్లగా మూసుకుంటుంది. చల్లబడితే ముడుచుకుంటుంది, వాల్వు తెరుచుకుంటుంది. తల మీద 1 నుంచి 5 దాకా అంకెలు. సాధారణంగా 3 అంటే 20 డిగ్రీల దగ్గర. నాకు తెలిసిన ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో ఇంత నమ్మకంగా, కోడ్ ఒక్క లైను కూడా లేకుండా పనిచేసేది ఇంకోటి లేదు.

వస్తువు వచ్చింది, అమ్మకాలూ మొదలయ్యాయి. అయినా ముప్ఫై ఏళ్ళపాటు ఎక్కువమంది పట్టించుకోలేదు. నూనె చవగ్గా దొరుకుతుంటే ఎవడిక్కావాలి? 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. కొద్ది నెలల్లోనే ధర దాదాపు నాలుగు రెట్లైంది. డెన్మార్క్ అప్పటికి తన ఇంధన అవసరాల్లో దాదాపు 90 శాతం చమురు మీదే నడుపుకుంటోంది. పశ్చిమ జర్మనీలో ఆ నవంబరు, డిసెంబరుల్లో కొన్ని ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదన్నారు. జనం ఖాళీ హైవేల మీద నడిచి వెళ్ళిన ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఆ దెబ్బతో 1976లో జర్మన్లు ఇంధన పొదుపు చట్టం చేశారు, 1978లో దాని కింద వచ్చిన నిబంధనలతో గది గదికీ దానంతటదే సర్దుకునే నియంత్రణ ఉండాలన్నారు. జాన్సన్ గంట మోగించిన 1883 నుంచి లెక్కేసుకుంటే 95 ఏళ్ళు.

కానీ నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది 1981లో వచ్చిన రెండో రూలు. అపార్ట్‌మెంట్లలో వేడి ఖర్చుని చదరపు మీటర్ల లెక్కన పంచేస్తే ఎవడూ నాబ్ తగ్గించడు కదా. నేను తగ్గిస్తే మిగిలేది అందరికీ పంచబడుతుంది, చలి మాత్రం నాకొక్కడికే. అందుకని ఖర్చులో కనీసం 50 శాతం, గరిష్ఠంగా 70 శాతం ఎవరు ఎంత వాడారో కొలిచి వెయ్యాలన్నారు. ఎలా కొలుస్తారు? రేడియేటర్ మీద చిన్న గాజు గొట్టంలో ద్రవం పెట్టి బిగిస్తారు. రేడియేటర్ ఎంత వేడిగా, ఎంతసేపు ఉంటే అంత ఆవిరవుతుంది. ఏడాదికోసారి ఒకాయనొచ్చి గీత చూసి రాసుకుని, కొత్త గొట్టం పెట్టి పోతాడు. మన కరెంటు మీటరు రీడింగ్ లాంటిదే. ఇప్పుడు వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలొచ్చాయి, రేడియోలో లెక్క పంపుతాయి.

మిగతా 30-50 శాతం ఎందుకు వదిలారంటే, గోడలు. మధ్య అంతస్తులో, నాలుగువైపులా కాపురాలున్న ఫ్లాటువాడు అన్ని రేడియేటర్లూ కట్టేసుకుని కూర్చున్నా, పక్కింటి వేడి గోడలోంచి వచ్చి అతన్ని కాపాడుతుంది. పై అంతస్తు మూల ఫ్లాటులో ఉన్న ముసలావిడ మాత్రం ఎంత తిప్పినా వణుకుతూనే ఉంటుంది, బిల్లూ ఆవిడకే ఎక్కువ. ఆ వాటా ఆవిడ కోసం. సరిపోతుందా అంటే సరిపోదు, కానీ రూలు రాసినవాడికి గోడ సంగతి గుర్తుందని మాత్రం తెలుస్తోంది.

గోడకి అవతలివైపు, అంటే తూర్పు జర్మనీలోనూ, సోవియట్ యూనియన్‌లోనూ కథ వేరు. లెనిన్‌గ్రాడ్‌లో 1924 నవంబరులో ఒక పవర్ స్టేషన్ నుంచి వేడిని ఫోంటాంకా నది ఒడ్డున 96వ నంబరు ఇంటికి అందించారు. కరెంటు తయారయ్యాక మిగిలిపోయే వేడిని పారెయ్యకుండా ఊరికి పంచడం.. ఆలోచనగా చూస్తే అంతకంటే తెలివైనది లేదు. 1950ల చివర్నుంచి లక్షలకొద్దీ కట్టిన ప్యానెల్ బిల్డింగుల్లో చాలావాటికి ఒకే నిలువు గొట్టం, పై అంతస్తు రేడియేటర్లోంచి కింది అంతస్తు రేడియేటర్లోకి నీళ్ళు. మధ్యలో ఒకడు వాల్వు కట్టేస్తే కిందవాళ్ళందరూ గడ్డకట్టుకుపోతారు. అందుకని వాల్వే పెట్టలేదు. రోజు సగటు వేడి వరసగా ఐదు రోజులు 8 డిగ్రీల కంటే తక్కువుంటే ఊరంతా హీటింగ్ మొదలు. అంతే, ఇక నీకు ఎక్కువైనా తక్కువైనా దిక్కు కిటికీలోని చిన్న కిటికీయే. దాన్ని రష్యన్లు ఫోర్తోచ్కా అంటారు. తూర్పు జర్మనీలోనూ వేడి ఖర్చు అద్దెలో కలిసిపోయేది, బొగ్గు ప్రభుత్వానిది, కిటికీ మనది. 1990లో దేశం ఒకటయ్యాక ఆ బిల్డింగులకి వాల్వులూ, మీటర్లూ బిగించడం పెద్ద పనే అయింది.

న్యూయార్క్‌ది పెట్టుబడిదారీ కిటికీ, లెనిన్‌గ్రాడ్‌ది సామ్యవాద కిటికీ. జనవరిలో రెండూ తెరిచే ఉన్నాయి. బిల్లు కట్టేవాడూ నాబ్ తిప్పేవాడూ వేరువేరైతే ఏ సిద్ధాంతమైనా అక్కడికే తేలుతుంది.

ఇంగ్లండ్ దారి ఇంకోలా సాగింది. అక్కడ నిప్పుగూళ్ళు చాలాకాలం నిలిచాయి. 1952 డిసెంబరులో లండన్‌ని కమ్మేసిన పొగమంచు, దాని వెనకాల 1956 చట్టం, తర్వాత 1967-77 మధ్య ఉత్తర సముద్రం గ్యాసుకి ఇంటింటి స్టవ్వులూ మార్చడం.. ఇవన్నీ కలిసి బాయిలర్లని ఇళ్ళల్లోకి తెచ్చాయి. 1970ల మొదట్లో సుమారు మూడోవంతు ఇళ్ళకే సెంట్రల్ హీటింగ్, 1990ల మొదటికల్లా ఐదింట నాలుగు ఇళ్ళకి. అంతకుముందు సాయంత్రమైతే అందరూ మంటున్న ఒక్క గదిలోనే చేరేవారు, పడగ్గది కిటికీల లోపలివైపు మంచు పూలు పూసేవి. వేడి ఇల్లంతా పరుచుకున్నాక ఎవరి గది వాళ్ళదైంది. ఇల్లంతా వెచ్చబెట్టి గదుల్లోకి విడిపోయాక, వాడని గదులకి వేడి దండగ అనిపించి మళ్ళీ జోన్లు. 2000ల నుంచి నిబంధనల్లో 150 చదరపు మీటర్లు దాటిన ఇంటికి కనీసం రెండు జోన్లుండాలన్నారు.

నాబ్ చేతికొచ్చాక జనం దాన్నేం చేశారన్నది వేరే వినోదం. విల్లెట్ కెంప్టన్ అనే మానవ శాస్త్రవేత్త 1986లో ఒక వ్యాసం రాశాడు. జనం బుర్రల్లో థర్మోస్టాట్ గురించి రెండు సిద్ధాంతాలున్నాయట. ఒకటి సరైనదే, అనుకున్న వేడికి చేరగానే ఆగిపోతుంది అని. రెండోది, అదొక కుళాయి లాంటిది, ఎక్కువ తిప్పితే ఎక్కువ వస్తుంది అని. లండన్ వచ్చిన అమ్మానాన్నలు చలి తట్టుకోలేక అన్ని రేడియేటర్లూ 5 మీద పెట్టేయడం, కొడుకు ఆఫీసు నుంచి రాగానే 2కి దించెయ్యడం చాలామంది తెలుగిళ్ళల్లో చలికాలం సాయంత్రాల కార్యక్రమం. పాపం వాళ్ళని అనడానికేం లేదు. జీవితాంతం వాళ్ళు తిప్పింది ఫ్యాను రెగ్యులేటరు, అది నిజంగానే కుళాయి లాంటిది. 5లో పెడితే గది తొందరగా వెచ్చబడదు, 25 దాటినా ఆగదు, అంతే తేడా.

ఇంకో తమాషా. హాల్లో గోడ థర్మోస్టాటూ, అదే హాల్లో రేడియేటర్ తలా రెండూ ఉన్నాయనుకోండి. గోడమీదది 21 కావాలంటుంది, తల 19 దగ్గరే వాల్వు మూసేస్తుంది. గోడమీదది ఎప్పటికీ తృప్తిపడదు, బాయిలర్ ఆగదు. ఒకే వేరియబుల్ మీద ఇద్దరు రాస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా. అందుకే థర్మోస్టాటున్న గదిలో ఆ తల పెట్టొద్దంటారు.

నవ్వులాటకి అటుంచితే, నాబ్‌తోపాటు ఇంకోటి కూడా చేతులు మారింది. న్యూయార్క్ ఓనరు మీద 20 డిగ్రీల బాధ్యత ఉంది. మీటరు పెట్టి నాబ్ మీ చేతికిచ్చాక ఆ బాధ్యత మీదే. ఇల్లు కనీసం 18 డిగ్రీలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్ళాక గ్యాసు ధర కొండెక్కితే, ఆ సెప్టెంబరు నుంచి జర్మనీ తన ప్రభుత్వ ఆఫీసుల్లో 19 డిగ్రీలు దాటొద్దంది. ఆఫీసుకైతే హద్దు పైనుంచి వేశారు, ఒంటరిగా ఉండే పెన్షనరుకి కింది హద్దు ఎవరూ వెయ్యలేదు. మూడు గదులు కట్టేసి, ఒక్క గదిలో కోటేసుకుని కూర్చునే ముసలివాళ్ళ ఇల్లు కూడా కాగితం మీద చక్కగా జోనింగ్ చేసిన ఇల్లే.

ఇప్పుడు హీట్ పంపులొచ్చి ఈ కథని మళ్ళీ వెనక్కి తిప్పుతున్నాయి. అది ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల దాకా వేడి ఇవ్వగలదు, కానీ నీళ్ళు గోరువెచ్చగా ఉంటేనే. నీటి వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే రెండు మూడు శాతం కరెంటు ఎక్కువ తింటుంది. సగం గదులు కట్టేస్తే ఆ గదులు లోపలి గోడల్లోంచి పక్కగది వేడిని లాక్కుంటాయి (బయటి గోడలకే తప్ప లోపలి గోడలకి ఎవరూ ఇన్సులేషన్ పెట్టరు). మిగిలిన రేడియేటర్లు ఆ లోటు పూడ్చాలంటే నీళ్ళు ఇంకా కాగాలి. తిరిగే నీళ్ళు తగ్గిపోయి పంపు ఊరికే ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. దాంతో తెలిసిన మెకానిక్కులు చెప్పేది ఏమిటంటే, అన్ని గదులూ తెరిచే ఉంచండి, బయటి చలిని బట్టి నీటి వేడి మార్చనివ్వండి, దేన్నీ ముట్టుకోకండి అని. ఇంగ్లండ్‌లో 2021 నాటి నిబంధనలు మాత్రం గదుల్లో విడిగా నియంత్రణ ఉండాలనే అన్నాయి. అందుకని రేడియేటర్లన్నిటికీ తలలు బిగించుకుని, సర్టిఫికెట్ చేతికొచ్చాక వాటినన్నిటినీ 5 మీదకి తిప్పి వదిలేసిన ఇళ్ళున్నాయి. పనిచేసేది ఇంటి మొత్తానికి ఒకటే థర్మోస్టాట్, హాల్లో, బట్జ్ పెట్టినట్టే.